ఏటివైపు గోల్‌పోస్టు

“ఒక్క మాటమ్మా. నాన్న తరఫున మన్నించండి అని ఒక్క మాట. వాళ్ళడిగింది అంతేగా,” అన్నాడు రొదియోన్.

క్లావ్దియ పొయ్యి దగ్గర ఉంది. పెనం మీద పిండి పోసి, పెనాన్ని గుండ్రంగా ఆడించి, అట్టు అంచు ఎర్రబడేదాకా దాన్నే చూస్తూ నిలబడింది. మొదటి అట్టు ముద్దకట్టింది. ఎవరు పోసినా మొదటి అట్టు ముద్దే కడుతుంది. దాన్ని తీసి కిటికీ గట్టు మీద పెట్టి రెండోది పోసింది. చావుభోజనానికి ఇంకా బోలెడన్ని కావాలి.

గోడకి అవతల పెద్దగదిలో రెండు స్టూళ్ళ మీద పెట్టిన పేటికలో జఖార్ పడుకుని ఉన్నాడు. అద్దానికి దుప్పటి కప్పారు. తలాపున ఫోటో ముందు చిన్న గ్లాసులో వోద్కా, దాని మీద నల్లరొట్టె ముక్క పెట్టారు. పక్కింటి పెలగేయ పిన్ని నిన్నటి నుంచీ కీర్తనలు చదువుతోంది. మధ్యలో కునుకు పట్టి, చదివిన కీర్తనే మళ్ళీ చదువుతోంది. ఎవరూ దిద్దడం లేదు.

మధ్యాహ్నానికి ఎత్తాలి. ఎత్తాక ఎటు తీసుకెళ్ళాలన్నదే ఆ ఇంట్లో తేలని సంగతి.

పొద్దున్నే సవేలీ వచ్చి ఆ పేచీ పెట్టి వెళ్ళాడు. ఒకప్పుడు బకెన్ ఫుట్‌బాల్ జట్టు కెప్టెన్ అతను. ఇప్పుడు పాత ఆటగాళ్ళందరికీ పెద్ద. గుమ్మం దాటి రెండడుగులు వేసి, టోపీ చేతిలో నలుపుతూ తన బూట్లతో మాట్లాడినట్టు మాట్లాడాడు. కుర్రాళ్ళు రాత్రి కూర్చుని తేల్చారట. కుర్రాళ్ళంటే అందరూ అరవై దాటినవాళ్ళే. జఖార్‌ని మైదానం చుట్టూ తిప్పడానికి సిద్ధమేనట. కాకపోతే గేటు దగ్గర, ఊరందరి ముందూ, జఖార్ చేసినదానికి అతని భార్య మన్నింపు కోరాలట. దాంతో పాత సంగతి అతనితోపాటే మట్టిలో కలిసిపోతుందట. ఈ ముక్కలు చెప్పి సవేలీ వెళ్ళిపోయాడు. పెద్దగదిలోకి తొంగి కూడా చూడలేదు.

క్లావ్దియకి షరతు కన్నా అది ఎక్కువ కోపం తెప్పించింది. పదేళ్ళు ఒక మైదానంలో కలిసి ఆడినవాడు ఆఖరిచూపుకి గది గడప తొక్కకపోవడమేమిటి?

ఈ సుఖోబోర్ ఊళ్ళో బకెన్ తరఫున ఆడినవాడు ఎవడూ నేరుగా శ్మశానానికి వెళ్ళడు. ముందు స్టేడియానికి వెళ్తాడు. పాత ఆటగాళ్ళు ఆరుగురు పేటికని భుజాలకెత్తుకుని మైదానం చుట్టూ ఒక్క చుట్టు తిప్పుతారు. ఆ తర్వాతే మట్టి.

ఈ ఆచారం ఏ కమిటీ తీర్మానించిందీ కాదు. జట్టు మొదటి కెప్టెన్ అర్సేనీ అనే పడవల వడ్రంగి. ఏటి ఒడ్డు గడ్డిబీటిని పారతో చదును చేసి మైదానం చేసినవాడు. యుద్ధానికి ముందు ఆయన పోయినప్పుడు, మోసుకెళ్ళేవాళ్ళు మైదానం పక్కనుంచి పోతూ ఆగారు. ఒకసారి చూసుకోనిద్దాంరా ముసలాణ్ణి అన్నాడు ఒకడు. చుట్టూ తిప్పారు. అప్పటినుంచి అందరికీ జరుగుతోంది. అర సీజను ఆడి మోకాలు విరగ్గొట్టుకున్నవాడికీ జరిగింది. తాగి తాగి పోయినవాడికీ జరిగింది. జైలుకెళ్ళి వచ్చినవాడికీ జరిగింది.

జఖార్ దగ్గరే ఊరికి గొంతులో వెలక్కాయ పడింది.

అసలు బకెన్ కథ చెప్పాలంటే ముందు బురద సంగతి చెప్పాలి. ప్రతి వసంతానికీ మంచు కరిగి ఏరు పొంగుతుంది, మైదానాన్ని మింగేస్తుంది. నీళ్ళు తీశాక ఊరంతా పారలు పట్టుకొచ్చి ఒండ్రు ఎత్తి, కొట్టుకొచ్చిన దుంగలు లాగేసి, గోల్‌పోస్టులు మళ్ళీ పాతుతుంది. మిగతా ఊళ్ళలో ఆటలు తేదీ ప్రకారం మొదలవుతాయి. సుఖోబోర్‌లో ఏరు సరేనన్నాక మొదలవుతాయి. ఒండ్రులో పెరిగిన గడ్డి కనుక పట్టులా ఉండేది. ఎంత గొప్ప జట్టు వచ్చినా గడ్డిని మెచ్చుకుని స్నానాల గదిని తిట్టి వెళ్ళేది.

జట్టంతా ఓడల మరమ్మతు కార్ఖానావాళ్ళే. వెల్డర్లు, వడ్రంగులు, రంగులేసేవాళ్ళు. ఏట్లో దారి చూపించడానికి తేలుతుండే ఎర్ర బుంగని బకెన్ అంటారు, ఆ పేరే పెట్టుకున్నారు. అలాంటి జట్టు డెబ్బై ఏడులో ఆఖరి ఆటకి చేరింది. ఆ రోజు ఓడిపోకుండా ఉంటే చాలు, పై లీగుకి వెళ్తారు. మహానగరాల జట్లు సుఖోబోర్ బురద తొక్కడానికి రావలసి వస్తుంది.

ఆట ఇంకాసేపట్లో అయిపోతుందనగా ఎవరికీ గోలు లేదు. ఏటివైపు గోల్‌లో జఖార్ ఉన్నాడు. మధ్యలోంచి ఎవడో దిక్కుతోచక కొట్టిన బంతి అటు దొర్లుకుంటూ వచ్చింది. ఏ పిల్లాడైనా వంగి తీసుకోగలిగిన బంతి. తీసుకోవడానికి గోల్‌లో మనిషి లేడు. జఖార్ వెనక్కి తిరిగి, గట్టు మీదికి పరిగెత్తి, ఏటివైపు చూస్తూ నిలబడి ఉన్నాడు. ఆ ఒక్క గోలుతో బకెన్ ఓడిపోయింది.

మూడు పొడుగు కూతలు విన్నానన్నాడు. ఏట్లో మనిషి పడ్డాడంటే ఓడ వేసే కూతలవి. సుఖోబోర్‌లో పిల్లలకి అక్షరాల కన్నా ముందు ఆ కూత వస్తుంది. అది వింటే చేతిలో ఏమున్నా అక్కడే వదిలేసి నీళ్ళవైపు పరిగెత్తాలి. పెళ్ళిపందిట్లోంచి పెళ్ళికొడుకు లేచి పరిగెత్తాడని కూడా చెప్పుకుంటారు.

కాని ఆ రోజు ఏ ఓడా కూత వెయ్యలేదని రేవువాళ్ళన్నారు. స్టేడియంలో ఊరంతా ఉంది, ఒక్కరూ వినలేదు. పైగా తర్వాతి వసంతానికి జఖార్ కాపురం కొత్త మేడలో రెండు గదుల ఇంట్లోకి మారింది. ఇక చెప్పేదేముంది? డబ్బు తీసుకుని ఆట అమ్మేశాడన్నారు. నిప్పు లేనిదే పొగ వస్తుందా అన్నారు.

ఇల్లు వచ్చింది జఖార్‌కి కాదు. కార్ఖానాలో క్రేను నడిపే క్లావ్దియకి. పెళ్ళికాక ముందునుంచీ ఇళ్ళ వరసలో నిలబడ్డ పేరు ఆవిడది. కార్ఖానాలో అందరికీ ఆ సంగతి తెలుసు. తెలిసినా ఎవరికీ అక్కర్లేకపోయింది. కుండకి మూత పెట్టొచ్చు గాని ఊరి నోటికి మూత ఎక్కడ తెస్తాం?

కార్ఖానా సగం మూతపడి, ఓడలు రేవులో తుప్పు పట్టాక ఆ నోరు ఇంకా పెద్దదైంది. ఆ రోజు పైకి వెళ్ళుంటే రోడ్డు పడేదన్నారు. పిల్లలు ఊరొదిలి పోయేవాళ్ళు కాదన్నారు. కుళాయిలో నీళ్ళు రాకపోయినా జఖార్‌ని తిట్టుకున్నవాళ్ళున్నారు. చచ్చినవాడి కళ్ళు చారెడంటారు. పాపం జఖార్‌కి ఆ పాటి భాగ్యం కూడా దక్కలేదు.

“గేటు దగ్గర నువ్వు చెప్పేది అబద్ధమని నాన్నకి తెలుసుగా. నీకు తెలుసు, నాకు తెలుసు. ఇంకెవరికి తెలియాలి?” అన్నాడు రొదియోన్ మళ్ళీ.

అప్పటిదాకా బల్ల దగ్గర చావుభోజనానికి వండే గోధుమ పాయసం కుత్యలో తేనె, ఎండుద్రాక్ష కలుపుతున్న తైసియా గరిటె కింద పెట్టింది. కూతురు. పెర్మ్ నగరంలో ట్రాము నడుపుతుంది. నిన్న రాత్రి బండి దిగింది, ఇంకా కోటు కూడా సరిగ్గా విప్పలేదు.

“ఇదేం తెలివి అన్నయ్యా? అబద్ధమని తెలిసి ఊరందరి ముందూ చెప్పిస్తావా? అమ్మ చేత?”

“నువ్వు పెర్మ్‌లో ఉంటావు. నీకేం తెలుసు?”

“ఏం తెలియాలి?”

రొదియోన్ కుర్చీ బల్ల దగ్గరికి లాక్కున్నాడు. నలభై దాటినవాడు, స్టేడియంలో పిల్లలకి ఆట నేర్పుతాడు. చేతులు రెండూ బల్ల మీద పెట్టి వాటినే చూసుకున్నాడు.

“మూడో తరగతిలో ఉండగా ఒకసారి గోల్‌లో నిలబడ్డాను. గట్టు మీదనుంచి ఎవడో అరిచాడు, ఇవాళ ఎంతకిరా బాబూ అని. అందరూ నవ్వారు. మా మాస్టారు కూడా. అంతే. మళ్ళీ ఎప్పుడూ నిలబడలేదు. ఇప్పుడు పిల్లలకి గోల్‌కీపింగ్ నేర్పుతున్నానా, అదీ గోల్ పక్కన నిలబడే నేర్పుతాను. నాకు విసుగొచ్చింది తాస్యా. ఒక్క మాటతో అయిపోతుందంటున్నారు. అయిపోనీ.”

తైసియాకి కూడా అది వినడం మొదటిసారే. కాసేపు మెత్తబడినట్టే కనిపించింది. కాని ఆ పిల్ల నోరు తండ్రిది కాదు, తల్లిది.

“అయితే నువ్వు కూడా నాన్నని అమ్మేస్తున్నావన్నమాట,” అంది.

ఆ మాట ఆ ఇంట్లో ఇన్నేళ్ళుగా ఎవరూ పలకలేదు. వీధిలో పలికారు, దుకాణంలో పలికారు, ఒకసారి తలుపు మీద సుద్దతో కూడా రాశారు. ఇంట్లో మాత్రం ఉప్పు అమ్మేశారు, సైకిలు అమ్మేశారు అనవలసి వచ్చినా ఇచ్చేశారు అనేవాళ్ళు.

రొదియోన్ లేచి బయటికి పోయాడు. మెట్ల మీద అతను అగ్గిపుల్ల గీసిన చప్పుడు రెండుసార్లు వినపడింది.

“పొమ్మను,” అంది తైసియా. ఏడుపు ఆపుకోవడానికి మళ్ళీ గరిటె అందుకుంది. కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుంది. ఇద్దరూ క్లావ్దియ బిడ్డలే, ఇద్దరి మాటలోనూ న్యాయముంది. క్లావ్దియ పెనం దించి, చేతులు తుడుచుకుని పెద్దగదిలోకి వెళ్ళింది.

పెలగేయ పిన్ని పుస్తకం మీద తల వాల్చి నిద్రపోతోంది. క్లావ్దియ ఆవిణ్ణి లేపలేదు. పేటిక పక్కన కూర్చుని భర్త చేతుల మీద చెయ్యి వేసింది. గోల్‌కీపర్ చేతులు, పెద్దవి. రెండు వేళ్ళు ఎప్పుడో విరిగి వంకరగా అతుక్కున్నాయి.

ఆ ఆట తర్వాత జఖార్ స్టేడియం గేటు దాటలేదు. అలాగని ఆటలు మానలేదు కూడా. ప్రతి ఆటకీ కంచె అవతల, ఏటిగట్టు మీద, గోల్ వెనక నిలబడి చూసేవాడు. వానొచ్చినా అక్కడే. ఇంటికొచ్చి ఎవరు ఎలా ఆడారో అన్నం తింటూ చెప్పేవాడు. తనని ఎవరేమన్నారో చెప్పేవాడు కాదు.

మంచం పట్టాక, చలికాలంలో, ఒక రోజు కిటికీలోంచి చూస్తూ అన్నాడు, “నన్ను ఒక చుట్టు తిప్పిస్తావా క్లావా?” అని. అడక్క అడక్క అడిగిన కోరిక. తిప్పిస్తానంది. ఏం చూసుకుని అందో ఆవిడకే తెలియదు.

ఇంకొకటి కూడా ఉంది. ఆ ఆట తర్వాత వచ్చిన చలికాలంలో, ఊరి మాటలు పడలేక ఒక సాయంత్రం తనే అడిగింది. ఎవరూ వినలేదంటున్నారు జఖార్, నువ్వు నిజంగా విన్నావా అని. ఆయన చెంచా పళ్ళెంలో పెట్టి ఆవిడవైపు చూశాడు. కోపంగా కాదు. ఆ తర్వాత బతికినన్నాళ్ళూ ఆ కూత మాట ఎత్తలేదు. ఊరు నమ్మకపోతే ఆయనకి కంచె అవతల చోటు ఉంది. పెళ్ళాం నమ్మకపోతే ఎక్కడికి పోతాడు?

ఆ తర్వాత నమ్మింది. గట్టిగా నమ్మింది. కాని ఆ మాట ఆయనకి ఎప్పుడూ చెప్పలేదు.

ఇప్పుడు మన్నించండి అంటే అది రెండోసారి అడిగినట్టే. అనకపోతే ఆఖరి కోరిక తీర్చనట్టే. మింగలేక కక్కలేక కూర్చుంది క్లావ్దియ. పేటికలో జఖార్ ఏ సలహా ఇవ్వలేదు. బతికుండగానూ ఇచ్చే మనిషి కాదు.

మధ్యాహ్నం కార్ఖానా వడ్రంగులు నలుగురూ, మేడలోవాళ్ళు ఇద్దరూ వచ్చారు. పొడుగు తువ్వాళ్ళు పేటిక కిందనుంచి దూర్చి భుజాలకు వేసుకున్నారు. రొదియోన్ పక్కకి తప్పుకుని నిలబడ్డాడు. రక్తసంబంధీకులు మొయ్యరు. మోస్తే పోయినవాడు, నేను పోయినందుకు నావాళ్ళు సంబరపడుతున్నారనుకుంటాడట.

మెట్లమీదనుంచి దించుతుంటే తైసియా మొదటిసారి గట్టిగా ఏడ్చింది. రొదియోన్ చెల్లెలి భుజం మీద చెయ్యి వేశాడు. ఆవిడ తోసెయ్యలేదు. వాళ్ళిద్దరి మధ్యా పొద్దున్నుంచి జరిగిన మంచిపని అదొక్కటే.

పిన్ని మనవరాళ్ళు ముందు నడుస్తూ దారిమీద ఫిర్ చెట్టు కొమ్మలు వేస్తున్నారు. కార్ఖానా బాండులో మిగిలింది బాకావాడూ డోలువాడూ. ఇద్దరూ వాయించారు. మంచు కరిగిన రోడ్డు. మోసేవాళ్ళ బూట్లు బురదలో దిగబడి పచక్ పచక్‌మంటున్నాయి. కిటికీల్లోంచి జనం చూస్తున్నారు. కొందరు కిందికి దిగి వెనక నడిచారు. వాళ్ళంతా శ్మశానానికి వస్తున్నారో, గేటు దగ్గర తమాషా చూడ్డానికి వస్తున్నారో అప్పుడే చెప్పలేం.

రొట్టెల దుకాణం దగ్గర దారి చీలుతుంది. కుడివైపు బిర్చి తోపు, దాని వెనక శ్మశానం. ఎడమవైపు ఏరు, స్టేడియం. అక్కడ ముందు నడిచే వడ్రంగి ఆగి క్లావ్దియవైపు చూశాడు. బాకా కూడా ఆగింది.

క్లావ్దియ ఎడమవైపు నడిచింది.

రొదియోన్ గట్టిగా ఊపిరి వదిలాడు. తైసియా తల్లి చేతిలోంచి తన చెయ్యి లాక్కుని, నాలుగడుగులు వెనకబడి, అపరిచితురాలిలా నడవడం మొదలుపెట్టింది.

గేటు ముందు పాత ఆటగాళ్ళు నిలబడి ఉన్నారు. ఎర్రటి పాత కండువాలు వేసుకున్నారు. కొందరికి అవి మెడకి రెండు చుట్లు వస్తున్నాయి, అంత చిక్కిపోయారు. టోపీలు తీసి పట్టుకున్నారు. వాళ్ళ వెనక మైదానం నల్లగా, తడిగా, దుంగలతో నిండి ఉంది. ఈ ఏడు ఏరు తీసి వారం కూడా కాలేదు.

స్టూళ్ళు వేసి పేటిక దించారు. జనం చుట్టూ దగ్గరయ్యారు. సవేలీ ముందుకొచ్చాడు.

“చెప్పు క్లావా,” అన్నాడు మెల్లగా. “మేమందరం సిద్ధంగా ఉన్నాం.”

క్లావ్దియ తలగుడ్డ సర్దుకుంది. నడుం వంచి, చెయ్యి నేలకి తగిలేలా జనానికి నమస్కరించింది. మేడలో అందరికన్నా పొగరుబోతు మనిషి అనిపించుకున్న క్రేను క్లావ్దియ అలా వంగడం ఊరు చూడలేదు. ఎవరో ముక్కు చీదారు.

“మంచి మనుషులారా,” అంది. “జఖార్ తరఫున అడుగుతున్నాను. గోల్ వదిలి పరిగెత్తాడు. అందుకు మన్నించండి. మీరు పై లీగుకి వెళ్ళలేకపోయారు. అందుకు మన్నించండి. ఏట్లో మనిషి ఉన్నాడనుకున్నాడు. మనిషా బంతా అంటే ఆయనకి మనిషే కనిపించాడు. ఇప్పుడు వినపడినా అలాగే పరిగెడతాడు. అందుకు కూడా మన్నించండి.”

అని నిటారుగా నిలబడింది.

జనం ఇంకా ఏదో వస్తుందని చూశారు. రాలేదు. రొదియోన్ కళ్ళు మూసుకున్నాడు. తైసియా వెనకనుంచి వచ్చి తల్లి పక్కన నిలబడింది.

“మేమడిగింది అది కాదు,” అన్నాడు సవేలీ.

“తెలుసు.”

“డబ్బు సంగతి చెప్పు. ఇంటి సంగతి.”

“ఆ ఇల్లు నాది. పదకొండేళ్ళు క్రేను మీద చలికి గడ్డకట్టి సంపాదించుకున్నాను. నీకూ తెలుసు, మీ ఆవిడ నా క్రేను కింద బరువులకి తాళ్ళు కట్టేది. లేని పాపానికి మన్నించమని అడిగితే ఉన్న పాపం అవుతుంది సవేలీ. అది నేను అనను.”

గుంపులో గొణుగుడు మొదలైంది. పొగరు పోలేదు చూశావా అంది ఒకావిడ. పోనిద్దురూ, పోయిన మనిషి అంది ఇంకొకావిడ. ఒకప్పుడు కుడివైపు ఆడిన కుజ్మా, రెండు చెవులూ సరిగ్గా వినపడనివాడు, జరిగిందేమిటో అర్థంకాక, అంతా అయిపోయిందనుకుని వంగి తువ్వాలు అంచు పట్టుకున్నాడు. అతన్ని చూసి ఇంకొకడు వంగాడు. క్లావ్దియ వాళ్ళ చేతులనే చూసింది. ఎత్తేస్తారు, ఎత్తేస్తారు అనుకుంది.

సవేలీ చెయ్యి అడ్డం పెట్టాడు. ఇద్దరూ ఆగారు.

అతను క్లావ్దియ మోచెయ్యి పట్టుకుని, నచ్చజెప్పేవాడిలా, రెండడుగులు పక్కకి తీసుకెళ్ళాడు. దగ్గరగా చూస్తే మొహం పాలిపోయి ఉంది. గడ్డం సరిగ్గా గీసుకోలేదు.

“అను క్లావా. నీ కాళ్ళు పట్టుకుంటాను, అను,” అన్నాడు. గొంతు ఎవరికీ వినపడనంత చిన్నగా ఉంది.

“ఎందుకు? నీకేం ఒరుగుతుంది?”

“నువ్వంటే ఊరు మర్చిపోతుంది. ఊరు మర్చిపోతే నాకూ నిద్ర పడుతుంది.”

ఆవిడకి అర్థం కాలేదు. అతను ఏటివైపు చూశాడు, మళ్ళీ బూట్లవైపు చూశాడు.

“నేనూ విన్నాను,” అన్నాడు. “మూడు కూతలూ విన్నాను. జఖార్‌కి నాలుగు గజాల్లో ఉన్నాను. నేనూ ఏటిగడ్డ మీద పుట్టినవాణ్ణే. బంతి నా కాలికి అందకుండా దొర్లిపోయింది. నేను ఏటివైపు తల తిప్పలేదు.”

డోలువాడు చేతులు రాసుకుంటున్నాడు. గేటు దగ్గర ఎవరో దగ్గారు. అన్నీ మామూలుగానే ఉన్నాయి. క్లావ్దియ మాత్రం పేటికవైపు తిరిగి చూసింది. ఇన్నేళ్ళు ఒక్క మనిషి, ఒకే ఒక్క మనిషి, విన్నాను అంటే చాలునని ఎదురుచూసింది. జఖార్ కంచె అవతల నిలబడ్డ ప్రతి ఆటకీ ఆ మనిషి కంచె ఇవతల ఉన్నాడు.

“మరి ఆ రోజే...”

“చెప్తే నన్నేమంటారు? వాడు మనిషి కోసం పరిగెత్తాడు, నువ్వు పరిగెత్తలేదా అనరూ? ముందు ఒక రోజు ఆగాను. తర్వాత ఒక వారం. ఆ తర్వాత ఇక చెప్పే వీల్లేకపోయింది.”

ఆవిడ చెయ్యి విదిలించుకుంది. అతను ఇంకొకసారి ఆవిడ మొహంలోకి చూశాడు. ఆవిడ ఆ మాట అనదని అప్పటికి అతనికి తెలిసిపోయింది. జట్టువైపు తిరిగి, కెప్టెన్‌గా ఉన్నప్పటి గొంతుతో అన్నాడు.

“ఆవిడ చెప్పనంటోంది. ఎత్తకండి. శ్మశానానికి పోనివ్వండి.”

కుజ్మా తువ్వాలు వదిలేశాడు.

రొదియోన్ ఒక్క అంగలో తల్లి దగ్గరికి వచ్చాడు. ఇంత దూరం తెచ్చి ఇలా చేశావేమిటమ్మా, ఇంకా ఆలస్యం కాలేదు, చెప్పెయ్ అన్నాడు. ఆవిడ కొడుకు చెంప నిమిరింది. అతను చిన్నప్పుడు గోల్‌లోంచి ఏడుస్తూ ఇంటికొచ్చి ఉంటాడు. ఎందుకని తను అడగనైనా లేదేమో.

సవేలీ చెప్పింది తను పైకి అంటే ఎవరు నమ్ముతారు? మొగుణ్ణి కాపాడుకోవడానికి చచ్చినవాడి పక్కన నిలబడి కెప్టెన్ మీద నింద వేసిందంటారు. కథ ఇంకో ఇరవై ఏళ్ళు నడుస్తుంది. చెప్పవలసింది తను కాదు.

వడ్రంగులు తువ్వాళ్ళు భుజాలకెత్తుకోవడానికి వంగారు. క్లావ్దియ చెయ్యి చాచి వాళ్ళని ఆపింది. గేటుకీ పేటికకీ మధ్యకి నడిచి, సవేలీకి ఎదురుగా నిలబడింది. ఆవిడ అరవలేదు. క్రేను మీదనుంచి కిందవాళ్ళకి వినపడేలా మాట్లాడే గొంతు ఆవిడది. గట్టు మీదవాళ్ళకి కూడా వినపడింది.

“సవేలీ, ఇప్పుడు నా చెవిలో అన్నావే, అది వీళ్ళకీ చెప్పు. నువ్వు చెప్పేదాకా జఖార్ ఇక్కడినుంచి కదలడు.”

జనమంతా సవేలీవైపు తిరిగారు. కుజ్మా, పక్కవాడి చెవిలో, ఏం చెప్పమంటోంది అని గట్టిగా అడిగాడు. సవేలీ పెదవులు కదిలాయి.